కంప్యూటరులోని జంపరు

విశాఖపట్టణపు రేవు మొదలు ఉక్కునగరము దాటి పూడిమడక వరకు గల తీరమున ఉప్పుగాలి ఇనుమును ఎట్లు తినివేయునో ఆ ప్రాంతపు పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఆ గాలియే కార్యాలయపు కంప్యూటరు పెట్టెలోనికిని పోవును.

పెట్టె తెరచినచో మదర్‌బోర్డు అను వెడల్పైన పలకయు, దానిపై సన్నని లోహపు సూదులును కనిపించును. రెండు సూదులను కలుపుచు తొడిగిన చిన్న ప్లాస్టిక్ టోపీయే జంపరు. దానిలోని లోహపు రేకు ద్వారా విద్యుత్తు ఒక సూదినుండి రెండవదానికి పోవును. రైతు మడవ త్రిప్పి నీటిని తన చేనికి మరల్చినట్టిదే ఈ పని. ఇందులో మాయ ఏమియు లేదు.

1990 దశకపు కంప్యూటర్లలో ప్రాసెసరు వేగమును, దాని వోల్టేజిని కూడ జంపర్లే నిర్ణయించెడివి. టోపీ తప్పుచోట తొడిగినందున ప్రాసెసరు మాడుటయు కద్దు. పిమ్మట ఈ పనులు చాలవరకు బయోస్ అను ప్రోగ్రామునకు చేరినవి. అయినను బల్లపై నుంచు కంప్యూటర్లు పెక్కింటిలో బయోస్ అమరికలను చెరిపివేయు జంపరు నేటికిని కలదు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఏర్పడిన నాటినుండి ధ్రువపత్రముల పని కంప్యూటరుపై మరింత ఆధారపడినది. దాని తేదీ ఏండ్లు వెనుకకు పోయినచో ఇంటర్నెట్టు పుటలు పెక్కు తెరచుకొనవు. పత్రమునకై వచ్చినవారు ఉత్తచేతులతో మరలవలసివచ్చును. అప్పుడు "పలక పోయినది, క్రొత్తది కొనుడు" అనువారిని మేమెరుగుదుము. తరచుగా పోవునది పలక కాదు, నాణెమంతటి సి.ఆర్. 2032 బ్యాటరీ. 3 వోల్టుల ఆ బ్యాటరీని మార్చి తేదీ దిద్దిన చాలును. జంపరు జోలికి పోనక్కరలేదు.

తప్పు అమరికవలన కంప్యూటరు మొదలే కానప్పుడు మాత్రము జంపరు పనికివచ్చును. ముందుగా తీగను గోడనుండి ఊడదీయవలెను. విద్యుత్తు ఉండగా దానిని ముట్టరాదు. పెక్కు పలకలలో మూడు సూదులుండును. 1, 2 సూదులపై నున్న టోపీని 2, 3 సూదులపై కొన్ని క్షణములుంచి, మరల మొదటిచోటనే తొడుగవలెను. కొన్ని పలకలలో రెండే సూదులుండును, కావున పలకతో వచ్చిన చిన్న పుస్తకమే ప్రమాణము. దానిని అట్టపెట్టెతోపాటు పారవేయుట మన కార్యాలయములలో పరిపాటి. సామానుల రిజిస్టరులో చేర్చి భద్రపరచుట మేలు.

ఇట్లు చేసినందున పంచాయతీ లెక్కలు చెరగవు. అవి హార్డ్ డిస్కులో నుండును. అయితే డిస్కునకు రహస్యపు తాళము వేసియున్నచో, తెరచుటకు కావలసిన సంఖ్యను ముందే వ్రాసియుంచుకొనవలెను.

తీరగ్రామముల వారికి ఇంకొక మాట: సూదులకు చిలుము పట్టినచో, టోపీ సరియైనచోట నున్నను విద్యుత్తు సరిగా పారదు. మొదట చూడవలసినది దానినే.