మిన్నెసోటా సరిహద్దు లేఖలు

విద్యార్థులారా, అమెరికా అంతర్యుద్ధ మనగానే మీకు లింకనును, బానిసల విమోచనమును, గెట్టిస్‌బర్గు రణరంగమును జ్ఞప్తికి వచ్చును. ఆ కాలముననే వాయవ్యదిశనున్న యొక క్రొత్త రాష్ట్రము ఒక్కమారే రెండు యుద్ధముల భారమును మోసిన సంగతి పాఠ్యగ్రంథములలో అరుదుగా గానవచ్చును. ఆ రాష్ట్రము మిన్నెసోటా. దాని శాసనసభవారు తమ సేనల చరిత్రమును రెండు సంపుటములుగా అచ్చువేయించిరి. 1893లో వెలువడిన రెండవ సంపుటము అధికారుల నివేదికలతోను లేఖలతోను నిండియున్నది. ఈ వ్యాసమున మేము యుద్ధముకంటె ఆ కాలపు లేఖలనే యెక్కువగా పరిశీలింపదలచితిమి. తరువాత చరిత్ర వ్రాయువాడు గెలుపోటము లెరిగి వ్రాయును. లేఖ వ్రాయువాడు తెల్లవారిన నేమగునో యెరుగడు గదా.

మిన్నెసోటా 1858 మే 11వ తేదీన 32వ రాష్ట్రముగా చేరెను. 1860 లెక్కలలో అందలి జనసంఖ్య 1,72,023 మాత్రమే. 1861 ఏప్రిలులో సమ్టరు కోట పతనమైనప్పుడు గవర్నరు అలెగ్జాండరు రామ్సే వాషింగ్టను నగరముననే యుండి, 14వ తేదీన యుద్ధమంత్రికి లేఖ వ్రాసి 1000 మంది సైనికుల నిచ్చెదనని మాట యిచ్చెను. పడమటి కోటలలోని పాత పటాలములు తూర్పునకు తరలిపోగా, వాని స్థానమున కొద్దిమంది క్రొత్త స్వచ్ఛందసైనికులు మిగిలిరి. రాష్ట్రపు వెన్ను ఇట్లు కాపులేక యుండెను.

ఆ వెనుకనే డకోటా జాతివా రుండిరి. 1851 నాటి ఒడంబడికలచే వారు దాదాపు 2 కోట్ల 40 లక్షల ఎకరముల భూమి నొసగి, మిన్నెసోటా నదీతీరమున సన్నని పట్టీ నొకదానిని మాత్రము నిలుపుకొనిరి. 1858లో అందును సగము పోయెను. భూమికి బదులుగా ఏటేట రావలసిన సొమ్ము వచ్చునప్పటికి వర్తకులు తమ ఖాతాపుస్తకములతో సిద్ధముగా నుండెడివారు. 1862లో ఆ సొమ్మును ఆలస్యమయ్యెను. అంతకు ముందటి యేడు పంట చెడెను. గిడ్డంగిలో ధాన్య మున్నను, సొమ్ము రానిదే పంచరాదని ఏజెంటు గాల్‌బ్రెయిత్ పట్టుపట్టెను. తుదకు 71,000 డాలర్ల బంగారము ఆగస్టు 18వ తేదీన రిడ్జిలీ కోట చేరెను. ఆనాటి ఉదయముననే యుద్ధము మొదలయ్యెను!

ఆగస్టు 17న ఏక్టను అను చోట నలుగురు డకోటా యువకులు అయిదుగురు వలసజనులను చంపిరి. నాయకుడగు లిటిల్ క్రో, స్వభాషలో తావొయాతెదూత, తెల్లవారి బలము నెరిగినవాడగుటచే తొలుత వలదని వారించియు, తుదకు తనవారితో నడచెను. మరునాడు దిగువ ఏజెన్సీ తగులబడెను.

ఇక లేఖల కథ. రిడ్జిలీ కోటాధిపతి కెప్టెను మార్ష్ తానెక్కువమంది సైనికులతో ఏజెన్సీకి బోవుచు, అంతకు ముందే కోట విడిచి వెళ్లిన లెఫ్టినెంటు షీహనునకు వెంటనే తిరిగి రమ్మని చీటి పంపెను. నది రేవున మార్షును, అతని వారిలో 24 మందియు నశించిరి. చీటి మాత్రము చేరెను. షీహను రాత్రంతయు 42 మైళ్లు నడచి కోటకు వచ్చెను. ఈ మధ్యకాలమున కోటను కాచినవాడు గీర్ అను 19 ఏండ్ల లెఫ్టినెంటు. మన కళాశాలా విద్యార్థుల యీడువాడు! ఆ కోటకు చుట్టును గోడ లేదు, తంతియు లేదు. అతడు సహాయము కోరుచు వ్రాసిన లేఖను స్టర్జిస్ అను సిపాయి గుఱ్ఱముపై కొనిపోయి, సుమారు 125 మైళ్లు 18 గంటలలో దాటి స్నెల్లింగు కోటలో గవర్నరున కందజేసెను. ఆ యొక్క కాగితము మార్గమధ్యమున జిక్కియున్నచో ఏమి జరిగియుండునో ఊహింపుడు. 20, 22 తేదీలలో కోటపై దాడులు జరిగెను. ఫిరంగులే దానిని నిలిపెను.

న్యూ అల్ము అను జర్మనుల పట్టణమునకు పటాలమే లేదు. న్యాయమూర్తియగు ఛార్లెస్ ఫ్లాండ్రో చుట్టుపట్ల గ్రామముల పౌరులను గూర్చుకొని వచ్చెను. వారిలో పెక్కుర చేత వేటతుపాకులే యుండెను. వీధులకు బండ్లును పీపాలును అడ్డుపెట్టి, శత్రువుల చాటునకు దోడ్పడు ఇండ్లను తామే తగులబెట్టి, 23వ తేదీన ఊరు నిలుపుకొనిరి. అయినను తిండియు మందుగుండును చాలమిచే, 25వ తేదీన ఇంచుమించు 2000 మంది గాయపడినవారిని బండ్లపై నెక్కించుకొని మంకేటో పట్టణమునకు తరలిరి. పిమ్మట ఫ్లాండ్రో న్యూ అల్ము ప్రాంతమునుండి అయోవా సరిహద్దువరకు చిన్న కావలి స్థావరముల వరుస నేర్పరచెను. పొరుగున అయోవావారును ఆ సెప్టెంబరులోనే ఉత్తర సరిహద్దు దళమును గూర్చిరి.

గవర్నరు ఈ దండయాత్రకు హెన్రీ సిబ్లీని పౌరసేనకు కర్నలుగా నియమించెను. ఇతడు రాష్ట్రపు మొదటి గవర్నరు, పూర్వము తోళ్లవర్తకుడు. సిబ్లీ లేఖలు చదువునపుడు మాకు వీరరసము కంటె వంటసాల లెక్కయే యెక్కువగా దోచెను: రొట్టె లేదు, దుప్పట్లు లేవు, వచ్చిన తూటాలు తుపాకి గొట్టములకు సరిపడవు. సొంత గుఱ్ఱములతో వచ్చిన రైతులు కోతలకాల మగుటచే కొన్నాళ్లకే యిండ్లకు మరలిరి. పత్రికలవారు అతనిని మందగమనుడని నిందించిరి. ఆ లేఖలు చూచినవారు అంత తొందరపడి నిందింపజాలరు.

అదే సమయమున కేంద్రప్రభుత్వము అంతర్యుద్ధమునకు ఇంకను మనుష్యులను పంపుమని నిర్బంధించుచుండెను. గడువు పొడిగింపుమని రామ్సే ఆగస్టు 26న నేరుగా లింకనునకు తంతి నిచ్చెను. మరునాడే వచ్చిన జవాబు మిక్కిలి పొట్టిది: ముందు ఆ పని చూచుకొమ్మనియు, సేనసేకరణ సాగనిచో సాగదనియు. సెప్టెంబరు 6న రామ్సే మరల, ఇది మా యుద్ధము గాదు, జాతియుద్ధమని భావమువచ్చునట్లు వ్రాసి 500 గుఱ్ఱములను కోరెను. ఆ దినముననే వాయవ్య సైనికమండల మేర్పడెను. వర్జీనియాలో నోడిన జనరలు పోపు దాని కధిపతి యయ్యెను. గవర్నరు కోపము న్యాయమే. అయిన నొక సంగతి మరువరాదు: 1851 ఒడంబడికలపై ప్రభుత్వపక్షమున సంతకము చేసిన యిరువురిలో ఈ రామ్సే యొకడు, ఆ సొమ్ములో వర్తకుల బాకీల క్రింద సిబ్లీకిని పాలు ముట్టెను.

సెప్టెంబరు 2న బర్చ్ కూలీ వద్ద తనవారు దెబ్బతినిన పిదప, సిబ్లీ ఆ రణరంగమున నొక కొయ్యకు చీటి తగిలించి, లిటిల్ క్రో చెప్పుకొనదలచిన దేమైన నున్న చెప్పుమని కోరెను. 7వ తేదీన జవాబు వచ్చెను. సంధిని గూర్చి కాక, యుద్ధమేల పుట్టినదో అందు మొదట చెప్పబడినది: ఏజెంటు నడవడి, వర్తకుల మాటలు, ఆకలిచే చచ్చుచున్న బిడ్డలు. ఈ సంపుటమున ఆ లేఖ అవతలివారి గొంతు వినిపించుచున్నదని మా తలంపు. ఇట్టి ఆపద రానున్నదని బిషప్పు విప్పిల్ ఆ మార్చిలోనే ప్రెసిడెంటునకు వ్రాసియుండెను. దాని ననుసరించి సకాలమున పని జరుగలేదు.

సెప్టెంబరు 23న వుడ్ లేక్ వద్ద సిబ్లీ గెలిచెను. మూడు దినములకు 269 మంది చెఱవారు విడుదలైరి. వలసజనులలో వందలకొలది జనులు చచ్చిరి. తరువాతి సైనికవిచారణలు కొన్ని అయిదు నిమిషములైన సాగలేదు. 303 మందికి మరణశిక్ష విధింపబడెను. లింకను ఆ కాగితములను తెప్పించి పరిశీలింపజేసి, డిసెంబరు 6వ తేదీన స్వహస్తముతో 39 పేళ్లు వ్రాసి సిబ్లీకి పంపెను. పలుకుటకు కష్టమైన ఆ పేళ్ల ప్రక్కన విచారణ సంఖ్యలును వేసెను. అందొకరికి శిక్ష నిలుపబడెను. 26వ తేదీన మంకేటోలో 38 మంది ఉరితీయబడిరి. దాదాపు 1600 మంది స్త్రీలును బిడ్డలును వృద్ధులును స్నెల్లింగు కోట క్రింద చలికాలము గడపిరి. అనేకులు రోగములచే మరణించి, మిగిలినవారు 1863లో క్రో క్రీక్ అను ఎడారివంటి చోటికి పంపబడిరి.

శిక్ష తప్పిన పురుషులు అయోవాలోని డావెన్‌పోర్టు చెఱలో 1866 వరకు నుండిరి. వారిలో పెక్కురు చెఱసాలలోనే తమ భాష వ్రాయ నేర్చి, మిషనరీయగు రిగ్స్‌కు జాబులు వ్రాసిరి. వానిలో ఏబది జాబులు ఆంగ్లానువాదముతో 2013లో అచ్చుపడినవి. ఆ జాబులలో యుద్ధము మాట కొలదిగా నున్నది; తమ భార్యలును బిడ్డలును ఎచ్చట నున్నారో, బ్రతికియున్నారో తెలుపుడని అడుగుటయే యెక్కువ.