ల్యాప్‌టాప్‌నకు క్రొత్త వైర్‌లెస్ కార్డు నెన్నుకొను విధము

గత సంవత్సరము వేసవి సెలవులు ముగిసిన పిమ్మట మా కార్యాలయమునందలి ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌ను అందుకొనుట మానివేసెను. విద్యార్థుల ఉపకారవేతనపు దరఖాస్తులన్నియు దానినుండియే పంపవలసియుండెను. మేము తొందరపడి యొక వైర్‌లెస్ కార్డును కొని తెచ్చితిమి. అది తన స్థానమున చక్కగా అమరెను, మరయు బిగిసెను, కాని యంత్రము దానిని గుర్తింపనే లేదు. పొట్లము విప్పిన వస్తువును దుకాణదారుడు తిరిగి తీసికొనలేదు. పొరపాటు మాదే. అందువలన నేర్చుకొనిన సంగతులు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి యిచట వ్రాయుచున్నాము.

వైర్‌లెస్ కార్డనగా ల్యాప్‌టాప్ లోపల నుండు చిన్న పలక. రేడియో తరంగముల మూలమున రౌటరుతో సంబంధము కల్పించుట దాని పని. సాధారణముగా బ్లూటూత్ కూడ దానిమీదనే యుండును.

నాడి చూడక వైద్యుడు మందీయడు. అటులనే కార్డును కొనుటకు ముందు దోషమెచట నున్నదో నిర్ణయింపవలెను. ఇంటిలోని ఫోనునకు అదే రౌటరునుండి ఇంటర్నెట్ వచ్చుచున్నదా? రానియెడల తప్పు కార్డుది కాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ మీట పొరపాటున నొక్కబడినదా? డ్రైవరును తీసివేసి మరల స్థాపించి చూచితిమా? ఇవన్నియు చేసినను ఫలితము లేనిచో కార్డును అనుమానింపవచ్చును. అప్పుడు ఈ క్రింది సంగతులను వరుసగా విచారింపవలెను.

1. ఆకారము. పాత ల్యాప్‌టాప్‌లయందు మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులుండును. వాని వెడల్పు 30 మిల్లీమీటర్లు. పొడవు పూర్తి కార్డునకు సుమారు 51, సగము కార్డునకు సుమారు 27. తరువాతి వానియందు ఎమ్.2 కార్డులుండును. వానిలో విశేషముగా వాడబడునది 2230 అనునది. ఆ సంఖ్యలోనే కొలత యిమిడియున్నది: 22 వెడల్పు, 30 పొడవు. కొన్ని క్రొత్త యంత్రములలో వైర్‌లెస్ భాగము ప్రధాన పలకకే అతుకబడియుండును. దానిని మార్చుటకు వీలులేదు. యూఎస్‌బీ అడాప్టరే శరణ్యము.

2. పనిచేయు మార్గము. మేము తప్పిపోయిన చోటిదే. కొన్ని కార్డులు తమ పనినంతయు తామే చేసికొని, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గమున యంత్రముతో సంబంధించును. ఇంటెల్ ఏఎక్స్ 200 అట్టిది. మరికొన్ని సీఎన్‌వీఐ అను పద్ధతిని తమ పనిలో కొంత భాగమును ఇంటెల్ ప్రాసెసరు పక్షమునకు విడిచిపెట్టును. ఏఎక్స్ 201 అట్టిది. రెండును ఒకే కొలత గలవి. పేరులో భేదము ఒక్క అంకె మాత్రమే. ఏఎక్స్ 201 ఆ పద్ధతికి అనుకూలమగు ఇంటెల్ యంత్రములలో తప్ప పనిచేయదు. మా యంత్రమునందున్నది ఏఎమ్‌డీ ప్రాసెసరు. మేము కొనినది ఏఎక్స్ 201!

3. తయారీదారుని నిర్బంధము. కొందరు తయారీదారులు, ముఖ్యముగా పాత నమూనాలలో, తాము అంగీకరించిన కార్డుల పట్టికను బయాస్‌నందు చేర్చియుంచిరి. పట్టికలో లేని కార్డును పెట్టినచో యంత్రము ప్రారంభమే కాకపోవచ్చును. కావున ఆ నమూనా యొక్క సర్వీసు పుస్తకమును ముందుగా చదువవలెను.

4. వేగము. 802.11ఎన్ ప్రమాణము 2009లోను, ఏసీ 2013లోను, ఏఎక్స్ 2021లోను ఆమోదింపబడెను. వీనినే నేడు వైఫై 4, 5, 6 అని పిలుచుచున్నారు. ఇంటిలోని రౌటరు వైఫై 5ది అయినచో వైఫై 6 కార్డు పనిచేయును గాని, రౌటరు వేగమును మించజాలదు. కడవ పెద్దదైనంత మాత్రమున సన్నని ధార లావు కాదు గదా!

5. యాంటెన్నా తీగలు. మినీ కార్డు తీగల కొనలు పెద్దవి, ఎమ్.2 కార్డువి చిన్నవి. ఒకదానివి మరియొకదానికి పట్టవు. తీగ యొక్కటియే యున్నచో రెండు తీగల కార్డు పూర్తి వేగము నీయజాలదు.

6. ఆపరేటింగ్ సిస్టమ్. ఏఎక్స్ 200 కార్డునకు విండోస్ 10 లేక 11 వలయును. లినక్స్ అయినచో 5.1వ కెర్నెల్‌గాని, అంతకు తరువాతిదిగాని యుండవలెను.

బిగించునపుడు యంత్రము నార్పి, చార్జరును తీసి, లోపలి బ్యాటరీ సంబంధమును విడదీయవలెను. చేతనున్న స్థిరవిద్యుత్తు పోవుటకై లోహపు వస్తువును తాకవలెను. ఏ తీగ యెచటనున్నదో ముందే ఫొటో తీసికొనవలెను. కొనలను ప్రక్కకు లాగక నిట్టనిలువుగా పైకెత్తి తీయవలెను. అటులనే పైనుండి మెల్లగా నొక్కవలెను.

మా కథ ముగింపు చెప్పవలసియున్నది. ఒక విద్యార్థిని దరఖాస్తునకు గడువు ఇక నొక్క దినమే యుండగా, రౌటరునుండి ల్యాప్‌టాప్‌నకు ఒక తీగను నేరుగా కలిపి దానిని పంపితిమి. ఆ తీగ మొదటి దినమునుండియు మా బీరువాలోనే యుండెను! తరువాతి వారము ఏఎక్స్ 200 వచ్చినది, నేటికిని పనిచేయుచున్నది. పనికిరాని ఆ మొదటి కార్డును మేము పారవేయలేదు. తరగతిలో చూపుటకు బల్లమీద నుంచితిమి. కొనుటకు ముందు పది నిమిషములు చదువనివారు ఎంత మూల్యము చెల్లింతురో అది మాకంటె బాగుగా బోధించుచున్నది.

అభ్యాసము: మీ ఇంట ల్యాప్‌టాప్ ఉన్నయెడల దానిని విప్పకయే, అందలి ప్రాసెసరు పేరును, వైర్‌లెస్ కార్డు పేరును డివైస్ మేనేజరునందు చూచి వ్రాసికొని రండు.