మడతపడిన పంక్తియు, చెడిన సంతకమును

భద్రాచలమునొద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు నిత్తురని మన బాలబాలికలందఱును ఎఱుగుదురు. 1986వ సంవత్సరమున నీరు 75.6 అడుగులవఱకును, 2022 జూలైలో 71.3 అడుగులవఱకును వచ్చెను. అట్టి దినములలో పాఠశాల తెఱచియుండునో మూసియుండునో తలిదండ్రులకు వేళకు తెలియుట చిన్నపని గాదు. అడవి యంచు గ్రామములనుండి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చువారు పొంగుచున్న వాగులను దాటవలసి యుండును.

కొంతకాలము క్రిందట ఒక వానకాలమున మేము సెలవు సంగతి తెలుపుచు తలిదండ్రులకు ఈ-మెయిలు ఉత్తరములు పంపితిమి. అవి చేరెను గాని, పెక్కుమంది కంటబడలేదు. స్పామ్ అను చెత్తబుట్టలో పడియుండెను. ఒక తండ్రి తన యిద్దఱు పిల్లలతో వానలో తడియుచు వచ్చి, మూసియున్న గేటును జూచి తిరిగిపోయెను. ఆయనకు చేరిన ఉత్తరపు మూలమును తెఱచి చూడగా, సంతకము సరిపడలేదని యందు వ్రాయబడి యుండెను. మా యుత్తరమును దారిలో నెవరైన మార్చిరా యని మొదట భయపడితిమి. తుదకు తేలినదేమనగా, ఎవరును ఒక్క మాటయైనను మార్చలేదు. ఒక పంక్తి మాత్రము వేఱొక విధముగా మడతపడెను. ఆ వృత్తాంతమే ఈ పాఠము.

సంతకమనగా నేమి?

పూర్వము ముఖ్యమైన యుత్తరములపై లక్క ముద్ర వేయుచుండిరి. ముద్ర చెదరకున్న యెడల దారిలో నెవరును విప్పలేదని నమ్మెడివారు. ఈ-మెయిలునకును అట్టి ముద్ర యొకటి కలదు. దానిని డి.కె.ఐ.ఎమ్. అందురు. దీని నియమములు మొదట 2007లో ప్రకటింపబడి, 2011లో సవరింపబడెను. జీమెయిలువారు తమ ఖాతాలకు రోజునకు 5,000గాని అంతకు మించిగాని ఉత్తరములు పంపువారు ఈ సంతకమును తప్పక చేయవలెనని 2024 ఫిబ్రవరి నుండి నిర్బంధించిరి. మనవంటి చిన్న పాఠశాలలు అన్ని యుత్తరములు పంపవు; అయినను సంతకము చెడినచో అనుమానము మనమీదను పడును.

ఇది పనిచేయు తీరు వినుడు. పంపెడు సర్వరు ఉత్తరపు శరీరమునుండియు, హెడరు అనబడు తలభాగములోని కొన్ని పంక్తులనుండియు గణితముచేత ఒక సారాంశమును తీసి, తన రహస్యపు తాళపుచెవితో దానిపై సంతకము చేయును. దానికి జతయైన బహిరంగపు చెవిని పంపువారి డొమైను పేరున అందఱికిని కనబడునట్లు ఉంచుదురు. పుచ్చుకొను సర్వరు ఆ చెవితో సంతకమును పరీక్షించును. లెక్కింపబడిన భాగములో ఒక్క గుర్తు మాఱినను సారాంశము మాఱిపోవును.

మడత యనగా నేమి?

తాటియాకులపై వ్రాయు లేఖకుడు ఆకు అంచు వచ్చినచోట పంక్తిని విఱిచి, మిగిలిన దానిని క్రింద వ్రాయును. పద్యము నడుమను, పదము నడుమను కూడ పంక్తి విఱుగును. చదువరి దానిని కలిపి చదువుకొనును. ఈ-మెయిలు హెడరులోను ఇట్టి యేర్పాటే కలదు. ఒక పంక్తి 78 గుర్తులకు మించకుండుట మంచిదనియు, 998కి ఎంతమాత్రమును మించరాదనియు నియమము. నిడుపైన పంక్తిని ఖాళీ యున్నచోట విఱిచి, తరువాయిని స్పేసుతో గాని ట్యాబుతో గాని మొదలుపెట్టవలెను. ఆ గుర్తును జూచి, ఇది క్రొత్త పంక్తి కాదనియు, మీదిదాని తరువాయి యనియు యంత్రము గ్రహించును. దీనికే మడత యని పేరు.

తెలుగునకేల ఎక్కువ బాధ?

హెడరు మొదట ఇంగ్లీషు అక్షరములకే యేర్పడినది. ఇతర లిపులను మూటగట్టి పంపు పద్ధతి యొకటి 1996లో స్థిరపడెను. ఒక్కొక్క మూట 75 గుర్తులకు మించరాదు. మూటకు కట్టే 12 గుర్తులు పట్టును. మిగిలిన చోటిలో నాలుగేసి గుర్తుల చొప్పున 60 మాత్రమే ఇముడును. యంత్రమునకు ప్రతి తెలుగు గుర్తును మూడు బైట్లు; మూటలో అవి నాలుగు గుర్తులగును. కాబట్టి ఒక మూటలో 15 తెలుగు గుర్తులకే తావు. మఱియు కంటికి ఒక అక్షరముగా కనబడు "గో" యంత్రమునకు రెండు: గకారమొకటి, ఓత్వమొకటి.

మేము పంపిన విషయపు పంక్తి "గోదావరి వరద కారణముగా పాఠశాలకు సెలవు" అనునది. ఇందు 31 తెలుగు గుర్తులును, 4 ఖాళీలును కలవు. అనగా 97 బైట్లు. ఇది మూడు మూటలై, రెండు మడతలు పడక తప్పదు. ఇంగ్లీషులో ఇదే సంగతి ఒక్క పంక్తిలో నిముడును. కనుకనే ఇంగ్లీషు ఉత్తరములు చక్కగా చేరుచుండగా, తెలుగు ఉత్తరములే చెడెను.

ఇద్దఱు పరీక్షకులు

సంతకమును పరీక్షించుటకు రెండు పద్ధతులు గలవు. మొదటిది సింపుల్. ఇది ఆకును ఆకుతో పోల్చు పరీక్షకుని వంటిది. పంక్తి వేఱొకచోట విఱిగినను, ట్యాబు స్థానమున స్పేసు వచ్చినను తప్పనును. రెండవది రిలాక్స్‌డ్. ఇది పద్యమును చదివించి విను పరీక్షకుని వంటిది. మడతలను విప్పి, వరుసగా నున్న ఖాళీలను ఒకటిగా చేసి, పిమ్మట పోల్చును. పద్ధతి యేదియో చెప్పనిచో సింపుల్ అనియే యెంచబడును. మా యుత్తరములలో నున్నది అదియే.

దోషమును వెదకు క్రమము

మేము నడచిన దారిని వరుసగా చెప్పెదము.

1. పుచ్చుకొన్నవారి ఖాతాలో ఉత్తరపు మూలమును తెఱచి, ఆథెంటికేషన్-రిజల్ట్స్ అను పంక్తిని చదువవలెను. శరీరపు సారాంశము సరిపడలేదని యున్నచో దోషము ఉత్తరపు శరీరములో నున్నది. సంతకము మాత్రమే సరిపడలేదని యున్నచో హెడరునో, తాళపుచెవినో అనుమానింపవలెను.

2. రెండు ఉత్తరములు పంపి చూడవలెను: ఒకదాని విషయము పొట్టిది, రెండవదానిది నిడుపైనది. పొట్టిది నెగ్గి నిడుపైనది చెడినచో తాళపుచెవి మంచిదే. అనుమానము మడతమీదికి పోవును. మాకు ఇట్లే జరిగెను.

3. పంపినప్పటి ప్రతిని, చేరిన ప్రతిని ప్రక్కప్రక్కన నుంచి, కనబడని గుర్తులను చూపు ఎడిటరులో పోల్చవలెను. తెరమీద రెండును ఒక్కటిగానే కనబడును, కంటిని నమ్మరాదు. మా ప్రతిలో ట్యాబుతో మొదలైన తరువాయి, చేరిన ప్రతిలో స్పేసుతో మొదలయ్యెను. నడుమనున్న ఒక సర్వరు సంతకమైన పిమ్మట పంక్తిని మరల మడిచినది.

4. పద్ధతిని రిలాక్స్‌డ్ చేసి మరల పంపవలెను. ఇంతటితో మా యుత్తరములలో పెక్కు బాగుపడెను.

5. అయినను కొన్ని చెడుచునే యుండెను. వానిని పోల్చి చూడగా, ఆ సర్వరు మూటలను విప్పి, వేఱొక చోట కోసి, మరల కట్టినట్లు తెలిసెను. చదువుటకు మాట యొక్కటే. గుర్తులు మాత్రము వేఱు. రిలాక్స్‌డ్ పద్ధతి ఖాళీలను క్షమించును గాని దీనిని క్షమింపదు. అందుచేత సంతకము చేయు పనిని, ఉత్తరము మా చేయి దాటు కట్టకడపటి సర్వరునకు అప్పగించితిమి. మడత, మూట మున్నగు పనులన్నియు ముగిసిన పిమ్మటనే ముద్ర వేయవలెను. అప్పటినుండి మా యుత్తరముల సంతకములు చెడలేదు.

ఇవిగాక, విషయమును పొట్టిగా వ్రాయుట నేర్చుకొంటిమి. "వరద సెలవు" అన్నచో ఒక్క మూటలో నిముడును, మడతయే పడదు. త్వరలో నున్న తల్లికిని ఆ రెండు మాటలే చాలును.

ముగింపు

సంతకము చెడిన ప్రతి యుత్తరమును దొంగయుత్తరము కాదు. మంచి యుద్దేశముతో పంక్తిని సరిదిద్దిన యంత్రముచేతను ముద్ర చెదరవచ్చును. కాని చెడిన సంతకమును చూచి చూడనట్లు విడుచుటయు తగదు. ఫీజు కట్టుడని మన పాఠశాల పేరున మోసగాడు వ్రాసిన యుత్తరమును పట్టియిచ్చునదియు ఈ పరీక్షయే. కాబట్టి నింద వేయకయు, ఉపేక్షింపకయు, రెండు ప్రతులను పోల్చి చూచుట మన ధర్మము. ఆనాడు వానలో వచ్చిన ఆ తండ్రి మమ్ము కోపించుకొనలేదు. "ఉత్తరము పంపితిరి, అది నాకు కనబడలేదు, అంతే గదా" యని మాత్రము అనెను. పంపుటతో మన పని తీరలేదనియు, చేరినదో లేదో చూచుకొనవలెననియు ఆయన మాటవలన మాకు తెలిసెను.

విద్యార్థులకు ఒక అభ్యాసము: మీ యూరి పేరులో యంత్రము లెక్కించు గుర్తులెన్నో కనుగొనుడు. ఒత్తులో హల్లునకు ముందు వచ్చు పొల్లును మఱవకుడు. "ఖమ్మం" అనుటలో 5 గుర్తులు, 15 బైట్లు, మూటలో 20 గుర్తులు. "భద్రాచలం" అనుటలో 8 గుర్తులు, 24 బైట్లు, మూటలో 32 గుర్తులు. తక్కినవి మీరే లెక్కింపుడు.