బిడ్డ బాధకు చెవియొగ్గుట
పాఠ్యభాగము: మార్కు 9:14–29

జనులు వాదించుచుండగా, యేసు ఆ చిన్నవాని తండ్రిని ఈ బాధ ఎంతకాలము నుండి యున్నదని విచారించెను. నిందింపలేదు, అడిగెను.

మన నల్లమాడ సీమలో వానలు తప్పి వేరుసెనగ పోయిన యేట తలిదండ్రులు బెంగుళూరునకు కూలికి పోవుదురు. బిడ్డలు అవ్వతాతల యొద్ద మిగులుదురు. అట్టి బిడ్డ మాట తగ్గించినను, రాత్రులు బెదరినను, బడికి పోనన్నను, మనము మొండితనమందుము. లేదా గాలి సోకెనందుము. తుదకు తల్లి పెంపకమును తప్పుపట్టుదుము.

పొరుగుననున్న బళ్లారి జిల్లాలో 1980ల నడుమ బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు పల్లె ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి, మనోవ్యాధులకు ఊరి చెంతనే సాయము దొరకునని చూపిరి. ఆ మాదిరిపైననే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలాయెను. 2022లో టెలి మానస్ వచ్చెను. 14416కు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగా సలహా లభించును.

అయినను, ఫోను చేయుటకు ధైర్యము చెప్పువారెవరు? ఆసుపత్రికి తోడు పోవువారెవరు? అంతవరకు చంటిబిడ్డను చూచువారెవరు? అది ఇరుగుపొరుగు పని.

ఆలోచించుడి: మన వీధిలో మౌనముగా నున్న బిడ్డ ఎవరు? ఆ యింటివారిని మనము ఎన్నడైన అడిగితిమా?