నీ మంత్రగత్తెకు పగ ఎవరి మీద?

స్నిగ్ధా,

పాత్‌ఫైండర్ అనే పాత్రల ఆట కోసం నువ్వు రాసి పంపిన క్యారెక్టర్ చదివాను. "లోకం చేసిన అన్యాయానికి పగబట్టిన మంత్రగత్తె" అని రాశావు. లోకమంటే ఎవరమ్మా? ఆ ఒక్క ముక్కతో ఆట నడిపే మీ గేమ్ మాస్టర్ ఏ సన్నివేశమూ అల్లలేడు.

పగకి ఒక ముఖం ఎలా ఉంటుందో నిజంగా జరిగిన కథలో చూడు. అమెరికాలోని సేలంలో సారా గుడ్ అనే పేదరాలు ఉండేది. పుట్టింటి ఆస్తిలో రావలసింది చేతికి రాలేదు. నాలుగైదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని ఇంటింటా అడుక్కునేది. పొమ్మంటే గొణుక్కుంటూ పోయేది. ఆ తర్వాత పశువులు చస్తే ఆ గొణుగుడే శాపమన్నారు. 1692 జూలై 19న ఉరితీశారు. ఆ పసిదాన్నీ జైల్లో పెట్టారు. మన ఊళ్లలోనూ చేతబడి, బాణామతి అంటూ అమాయకుల్ని చంపారు. సారాకి ఏ మంత్రమూ రాదు. వచ్చి ఉంటే? నీ క్యారెక్టర్‌ని అక్కడ మొదలుపెట్టు. ఎవరి గుమ్మం ముందు నిలబడింది, వాళ్లేమన్నారు, చేతిలో బిడ్డ ఉందా?

పాత్‌ఫైండర్‌లో 2010లో వచ్చిన విచ్ క్లాస్ ఈ కథకి సరిగ్గా సరిపోతుంది. శక్తినిచ్చేది ఎవరో ఆమెకే స్పష్టంగా తెలియదు. మంత్రాలుండేది పుస్తకంలో కాదు, వెంట తిరిగే పిల్లిలోనో కప్పలోనో. రోజూ దానితో మనసు కలిపితేనే మంత్రం సిద్ధమవుతుంది. పగను ఇంత బాగా పట్టుకున్న నియమం నేనింకోటి చూడలేదు. ఆ కప్ప రోజూ పాత గాయాన్నే తవ్వనీ. మొదటి శాపం తగినవాడికే తగలనీ. రెండోది వాడి పక్షాన మాట్లాడినవాళ్లకి, మూడోది ఆ రోజు ఊరికే చూస్తూ నిలబడ్డ కుర్రాడికి. ప్రతిసారీ తనదే న్యాయమని ఆమెకి అనిపించాలి, ఆగే అవకాశమూ ఉండాలి. ఆగలేనిదాన్ని ఆడటంలో నీకు చేయడానికేమీ మిగలదు.

"నా క్యారెక్టర్ అంతే" అంటూ తోటి ఆటగాళ్ల మీద మాత్రం శాపాలు వేయకు. ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలోనే కథ ఎటు పోతుందో చెప్పు, బల్ల మీద ఎక్స్ కార్డ్ పెట్టండి. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే కారణం అడగకుండా ఆ సన్నివేశం వదిలేయండి. చేతబడి నింద పడిన ఇంటి నుంచి వచ్చినవాళ్లు మీలోనే ఉండొచ్చు.

ఇంత కోపంలోనూ ఆమె శపించలేని మనిషి ఒకరుంటారు. ఆ పేరు, ఎందుకు శపించలేదో రాసి ఆదివారంలోగా పంపు.

మీ మామయ్య