చెయ్యెత్తితే ఆపాలి

కోనసీమలో ఒక ఊరు. ఆమె కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. వయసు నలభై. గర్భసంచి పరీక్షకు రమ్మని నర్సమ్మ మూడుసార్లు కబురు చేసింది. ఆమె వెళ్లలేదు.

"సిగ్గు" అన్నారు ఇరుగుపొరుగు వాళ్లు. సిగ్గు కాదు, భయం. పెళ్లయిన కొత్తలో మొగుడు ఆమెను కొట్టేవాడు. బలవంతం చేసేవాడు. ఆస్పత్రి బల్ల మీద పడుకోవాలంటే అదంతా గుర్తొస్తుంది.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఎక్కువగా హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తుంది. అది కలయిక వల్ల సోకుతుంది. బలవంతం చేసినా సోకుతుంది. అందులో ఆమె తప్పేముంది? మొదట్లో నొప్పి ఉండదు. అందుకే 30 ఏళ్లు దాటాక పరీక్ష చేయించుకోవాలి.

నర్సమ్మ ఇంటికే వచ్చింది. ఎందుకు రాలేదని అడగలేదు.

"మీకేది కష్టమో చెప్పండక్కా."

"ముట్టుకుంటే ఊపిరాడదండి."

"చెప్పే ముట్టుకుంటాను. మీరు చెయ్యెత్తితే ఆపేస్తాను. తోడుగా మీ చెల్లెల్ని తెచ్చుకోండి. జరిగినదంతా నాకు చెప్పక్కర్లేదు."

మొదటిసారి ఆమె గది చూసి వచ్చేసింది. నర్సమ్మ ఏమీ అనలేదు.

బల్ల ఎక్కలేని వాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. చిన్న బ్రష్‌తో నమూనా తామే తీసి ఇవ్వవచ్చు. హైదరాబాదు దగ్గర మేడ్చల్ పల్లెల్లో ఆడవాళ్లు అలా ఇచ్చారు. ఆ వివరాలు 2009లో అచ్చయ్యాయి. ఈమె ఊరి ఆస్పత్రిలో ఆ వీలు లేదు.

రెండోసారి వెళ్లింది. వెనిగర్ లాంటి పుల్లటి నీళ్లు రాసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్ల మచ్చ కనిపిస్తే క్యాన్సర్ అని కాదు. ఇంకో పరీక్ష చేస్తారు. ముందే తెలిస్తే వైద్యం ఉంది.

మధ్యలో ఆమె చెయ్యెత్తింది. నర్సమ్మ ఆగింది. కాసేపటికి ఆమే "కానివ్వండి" అంది.

మచ్చ లేదు. మళ్లీ ఐదేళ్లకు రమ్మంది నర్సమ్మ. వెళ్లేటప్పుడు ఒక కాగితం ఇచ్చింది. దాని మీద 181 అని ఉంది. ఇంట్లో హింస ఉంటే ఆడవాళ్లు ఫోన్ చేసే నంబరు అది. ఆమె కూడబలుక్కుని చదివింది. చెల్లెలి చేతిలో పెట్టింది.