మొక్క ఎక్కడ పుట్టిందో రాసి పెట్టుకోండి

ప్రశ్న: అద్దె ఇంట్లో ఉంటున్నాం. పెరట్లో, డాబా మీద కలిపి రెండొందల దాకా మొక్కలున్నాయి. గులాబీ, మామిడి అంట్లు నేనే కడతాను. కొన్ని కడియం నుంచి తెప్పించి అమ్మాలని కూడా ఉంది. లైసెన్సు కావాలా? పన్ను కట్టాలా?

జవాబు: అమ్మా, మీరు చెప్పినవి రెండు వేరు వేరు పనులు. మీ చేత్తో పెంచి అమ్మడం ఒకటి, తెచ్చి అమ్మడం ఇంకొకటి. కొనేవారికి రెండూ నల్ల కవర్లో ఉన్న మొక్కలే. చట్టం మాత్రం వాటిని విడదీసి చూస్తుంది.

ముందు ఆదాయపు పన్ను సంగతి. కుండీల్లో, కవర్లలో పెంచితే అది సేద్యం ఎలా అవుతుందని ఒకప్పుడు వివాదాలు నడిచేవి. 2008 ఆర్థిక చట్టం వాటికి తెర దించింది. నర్సరీలో పెంచిన మొక్కలు, నారు మీద వచ్చే రాబడిని వ్యవసాయ ఆదాయంగానే లెక్కించాలంది. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టమూ ఆ మాటను నిలబెట్టింది. ఇందులో కీలకమంతా ‘పెంచిన’ అన్న మాటే. కడియం లోడు దించుకుని వారం తిరక్కుండా అమ్మేసిన మొక్క మీద మిగిలింది వ్యాపార లాభమే. అందుకే రెండు పుస్తకాలు పెట్టండి. పెంచినవి ఒకదాంట్లో, కొన్నవి రెండోదాంట్లో.

మొక్కల మీద జీఎస్టీ లేదు. మొక్కలు మాత్రమే అమ్మితే రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ప్లాస్టిక్ కుండీల్లాంటి పన్ను పడే సరుకు కూడా పెడితే మాత్రం మొక్కల అమ్మకాలతో సహా మొత్తం టర్నోవర్ లెక్కలోకి వస్తుంది. అది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే హద్దు ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు.

నర్సరీల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. మీరు మామిడి అంట్లు కడుతున్నారు కాబట్టి అమ్మకం మొదలుపెట్టక ముందే మండల ఉద్యాన అధికారిని కలవండి. ఏ తల్లిచెట్టు నుంచి పుల్ల తెచ్చారో, ఏ రోజు అంటు కట్టారో రాసి ఉంచండి.

ఆ రాత ఎందుకో చెబుతాను. బంగినపల్లి అని నమ్మి నాటిన అంటు, నాలుగైదేళ్లకు కాపుకొచ్చాక మరేదో అని తేలితే కొన్నవారికి పోయింది మొక్క ధర కాదు, ఆ ఏళ్లు. ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు, సాగుకు విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని తేల్చింది. మొక్క కొన్నవారూ అదే దారిలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రకం ఖాయంగా తెలియకపోతే ‘రకం తెలియదు’ అని చీటీ కట్టి అమ్మండి. దానివల్ల బేరం తగ్గినా సరే.

మీరు మోసపోతే? ఇక్కడా అదే తేడా. తిరిగి అమ్మడానికి కొన్న సరుకు విషయంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం మిమ్మల్ని వినియోగదారుగా గుర్తించదు. సివిల్ కోర్టే దిక్కు, అక్కడ బిల్లు లేకుండా మాట నిలవదు. సొంత జీవనోపాధి కోసం అంట్లు కట్టుకోవడానికి తల్లిమొక్క కొంటే మాత్రం కమిషన్ తలుపు తట్టవచ్చు. కాబట్టి హోల్‌సేల్‌లో తెచ్చినా రకం పేరుతో బిల్లు అడగండి. పుట్టుక తెలియని అడవి మొక్క చవకగా వచ్చినా ముట్టుకోకండి. తిరుమల కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. లైసెన్సు లేకుండా వాటిని పెంచడం, అమ్మడం కూడా నేరమే.

ఇల్లు అద్దెది అంటున్నారు. కాపురానికని తీసుకున్న ఇంటిని మరో పనికి వాడకూడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. డాబా చెమ్మెక్కిందని గొడవ వచ్చాక కాదు, ఇప్పుడే యజమానితో ఒక కాగితం రాయించుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవారికి డాబా ఉమ్మడి ఆస్తి, సంఘం ఒప్పుకోవాలి.

రేపు తోపుడు బండి మీద అమ్మాలనుకుంటే 2014 వీధి వ్యాపారుల చట్టం మీకు అండ. మున్సిపాలిటీలో వెండింగ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఆ చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా మిమ్మల్ని ఖాళీ చేయించకూడదు.

వీటిలో ఎక్కడ చిక్కొచ్చినా లాయరు ఫీజుకు జంకకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు మీ రెండు పుస్తకాలు, బిల్లులు పట్టుకుని వెళ్లండి.